ఒక్కళ్ళే బండేసుకుని కోరాపుట్ నుంచి మోటు దాకా, నది వెంబడి ఎలా దిగాలి

సాలూరు దాటి ఘాట్ ఎక్కి సుంకి దగ్గర టీకి ఆపారనుకోండి, గ్లాసు చేతికిచ్చే లోపే అడుగుతారు "ఏకుటియా?" అని. ఒక్కడివేనా అని అర్థం. అవునంటే ఒక చూపు చూస్తారు, అది జాలో అనుమానమో తెలీదు, తర్వాత ఎక్కడికి, ఎందుకు, ఇంట్లో తెలుసా అని వరసపెట్టి అడుగుతారు. సిటీ నుంచి వచ్చినోళ్ళకి ఇది చిరాకు. చిరాకు పడకండి, పూర్తిగా జవాబు చెప్పండి. మీరు రేపు ఎక్కడుంటారో ఇవాళ ఎవరికో ఒకరికి తెలిసి ఉండటం, ఈ రోడ్ల మీద హెల్మెట్ తర్వాత అంత ముఖ్యమైనది అదే.

మాది జైపూర్. రాజస్థాన్‌ది కాదు, కోరాపుట్ జిల్లాది. పాతకాలం వాళ్ళు జయపురం అంటారు. ఆంధ్రా యూనివర్సిటీలో విక్రమదేవ్ పేరుతో సైన్స్ కాలేజీ ఉంది కదా, ఆ విక్రమదేవ్ వర్మ మా ఊరి మహారాజే. 1936 దాకా ఇదంతా వైజాగ్ జిల్లా ఏజెన్సీలోనే ఉండేది, అందుకే మా బజార్లో సగం కొట్లలో తెలుగు నడుస్తుంది. నేను పంపుసెట్ల స్పేర్ పార్టులకి లైన్ కొడతా, అంటే ఊరూరా కొట్లకి తిరిగి అమ్మడం, వారానికి రెండు మూడు రోజులు బండి మీద మల్కన్‌గిరి, కలిమెల వైపు తిరుగుతుంటా. అంచేత ఈ రూట్ నాకు టూరిజం కాదు, రోజూ పని. వైజాగ్ నుంచి, విజయనగరం నుంచి కుర్రాళ్ళు ఫోన్ చేసి "అన్నా, ఒక్కడినే వద్దామనుకుంటున్నా, ఎలా ప్లాన్ చెయ్యాలి" అని అడుగుతుంటారు, అందరికీ విడివిడిగా చెప్పలేక ఇలా రాసేస్తున్నా.

ముందు మ్యాప్ తీసి రెండు నదులు చూడండి

ఊళ్ళు తర్వాత చూసుకోవచ్చు, ముందు నీళ్ళు ఎటు పోతున్నాయో చూడండి. ఒకటి కొలాబ్. సింకారం కొండల్లో పుట్టి కోరాపుట్ పక్కనుంచి జైపూర్ వైపు దిగి, తర్వాత దక్షిణానికి తిరిగి ఛత్తీస్‌గఢ్‌కీ ఒడిశాకీ మధ్య హద్దులా పారుతుంది, అక్కడ్నుంచి దాని పేరు శబరి. రెండోది మన విశాఖ ఏజెన్సీలో మాడుగుల కొండల వైపు పుట్టే మాచ్‌ఖండ్. అది ఉత్తరానికి పోయి, డుడుమ దగ్గర దూకి, వెనక్కి తిరిగి బలిమెల రిజర్వాయర్లో నిండి, కిందకి వచ్చేసరికి సీలేరు అయిపోతుంది. ఈ రెండూ మోటు దగ్గర కలుస్తాయి. అక్కడ మూడు రాష్ట్రాలు, ఒడిశా, ఆంధ్ర, ఛత్తీస్‌గఢ్. రెండు నదుల మధ్య ఇరుక్కుని ఉన్న జిల్లానే మల్కన్‌గిరి. ఇది బుర్రకెక్కితే రూట్ దానంతట అదే వచ్చేస్తుంది: పైనుంచి మొదలెట్టి, నీళ్ళతో పాటు దిగుతూ, రెండూ కలిసే చోట ఆగడం.

ఇంకోటి, ఈ జిల్లాలు మెట్లు మెట్లుగా ఉంటాయి. కోరాపుట్ సుమారు 3000 అడుగుల ఎత్తు, జైపూర్ 2000 అడుగులు, మల్కన్‌గిరి ఇంకా కిందకి, 600 అడుగుల దగ్గర. డిసెంబర్లో పొద్దున్న కోరాపుట్‌లో స్వెటర్ మీద జాకెట్ వేసుకుని చేతులు నలుపుకుంటారు, మర్నాడు మధ్యాహ్నానికి మల్కన్‌గిరిలో చొక్కా తడిసిపోతుంది. బట్టలు దానికి తగ్గట్టు సర్దుకోండి, జాకెట్ బ్యాగ్ అడుగున కాకుండా పైన పెట్టుకోండి.

రైన్ ఫారెస్ట్ అని రీల్స్ చూసి వస్తున్నారు చాలామంది. అసలైన రైన్ ఫారెస్ట్ ఇక్కడ లేదండి. ఇది గుగ్గిలం చెట్లు, వెదురు, ఇప్ప, ఇంకా రకరకాల చెట్లు కలిసిన ఆకు రాల్చే అడవి. ఏడాదికి దగ్గర దగ్గర 1500 మి.మీ. వాన పడుతుంది, కానీ పడితే మొత్తం నాలుగు నెలల్లోనే పడిపోతుంది, మార్చి వచ్చేసరికి కొండలు ఎండిపోయి గోధుమరంగులోకి వచ్చేస్తాయి. పైగా పోడు కోసం కొట్టేసిన వాలులు కూడా కనిపిస్తాయి. పచ్చగా కావాలంటే వానలు వెళ్ళిన వెంటనే రావాలి, వేరే దారి లేదు.

ఎప్పుడు రావాలి

అక్టోబర్ సగం నుంచి జనవరి ఆఖరి దాకా. అంతే. ఫిబ్రవరిలో కూడా రావచ్చు గానీ పచ్చదనం సగం పోయి ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో మల్కన్‌గిరి ఎండలో బండి నడపడం అంటే పెనం మీద కూర్చున్నట్టే.

జులై నుంచి సెప్టెంబర్ దాకా జలపాతాలు అదిరిపోతాయి, నిజమే. డుడుమ వరకు వచ్చి వెనక్కి వెళ్ళిపోయేట్టయితే రండి. కానీ మోటు దాకా దిగాలనుకుంటే మాత్రం వద్దు. ఎందుకో చెప్తా. భద్రాచలం దగ్గర గోదావరి పెరిగితే, కూనవరం దగ్గర శబరి దాంట్లో కలవలేక ఎగదన్నుతుంది. ఇక్కడ చుక్క వాన లేకపోయినా, ఎండ కాస్తున్నా సరే, చింతూరు చుట్టూ వాగులు వెనక్కి పొంగి రోడ్డెక్కుతాయి, కుయుగూరు వాగు దగ్గర ఆంధ్రా ఒడిశా రాకపోకలు ఆగిపోతాయి. మా లైన్ వాళ్ళు పాటించే లెక్క ఒకటుంది: భద్రాచలంలో 43 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు కదా, ఆ వార్త వచ్చిందంటే కలిమెల దాటి వెళ్ళం. మీరూ అదే పాటించండి.

నేనొకసారి పాటించలేదు, అది కూడా చెప్పేస్తా. లైన్లో కొత్త, ఆగస్టు నెల, కలిమెల దాటాక ఒక కల్వర్టు మీద నీళ్ళు పారుతున్నాయి, పాదం మునిగేంతే అనుకున్నా, ముందు ఒక ట్రాక్టర్ దాటింది కదా అని నేనూ దింపేశా. మధ్యలోకి వెళ్ళేసరికి సైలెన్సర్లోకి నీళ్ళు వెళ్ళి బండి ఆగిపోయింది, కాళ్ళ కింద నుంచి కంకర జారిపోతున్నట్టు తెలుస్తోంది. ఇద్దరు కోయ కుర్రాళ్ళు చూసి పరిగెత్తుకొచ్చి ఒకడు నన్నూ ఒకడు హ్యాండిల్నీ పట్టుకుని లాగారు. ఆ రోజు ఇంట్లో వాళ్ళు నేను మల్కన్‌గిరి లాడ్జిలో ఉన్నాననుకుంటున్నారు, లాడ్జి ఆయన జైపూర్ తిరిగెళ్ళిపోయాననుకుంటున్నాడు. కొట్టుకుపోయుంటే ఎక్కడ వెతకాలో కూడా ఎవరికీ తెలీదు. ట్రాక్టర్ వెళ్ళిందని బండి దింపకూడదు, ఎవరికీ చెప్పకుండా బయల్దేరకూడదు. రెండూ ఆ రోజే నేర్చుకున్నా.

బండి, కాగితాలు, డబ్బులు

పెద్ద బండి అక్కర్లేదు. నాది 125 సీసీ. పెద్ద బండికి పార్ట్ పోతే ఇక్కడ దొరకదు, మామూలు కమ్యూటర్ బండి అయితే ప్రతి సంత ఊళ్ళో మెకానిక్ చేతికి తెలిసిన బండే. బయల్దేరే ముందు బ్రేక్ షూలు, చైన్, టైర్లు చూపించుకోండి, ఘాట్లు ఎక్కువ కాబట్టి బ్రేకులే ముఖ్యం. వెంట క్లచ్ కేబుల్ ఒకటి, ప్లగ్ ఒకటి, పంక్చర్ కిట్, చిన్న పంపు. ట్యూబ్ టైర్ అయితే ట్యూబ్ కూడా.

పెట్రోల్ విషయంలో ఒకటే రూల్, సగం ట్యాంక్ ఖాళీ అయ్యాక బంకు కనబడితే ఆపి నింపడమే, ముందు ఊళ్ళో చూద్దాంలే అనుకోవద్దు. ముందు ఊళ్ళో బంకు ఉండొచ్చు, కరెంటు ఉండకపోవచ్చు.

ఆర్సీ, లైసెన్సు, ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితం అన్నీ ప్రింటు తీసి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి. ఫోన్లో ఉన్నాయి అంటారు, చెక్‌పోస్ట్ దగ్గర సిగ్నల్ ఉండదు, అప్పుడు ఏం చూపిస్తారు. మ్యాప్ కూడా జైపూర్లో ఉండగానే ఆఫ్‌లైన్ దించేసుకోండి. ఫోన్‌పే టౌన్లలో బాగానే నడుస్తుంది, సంతల్లో, ఘాట్ల మీద టీ కొట్లలో క్యాష్ ఉండాలి, అదీ పది ఇరవై నోట్లు.

ఒక చీటీ రాయించుకోండి. మీ పేరు, ఊరు, బ్లడ్ గ్రూప్, ఇంటి నంబరు. తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి. ఒడియా రాకపోతే మొదటి లాడ్జిలో రిసెప్షన్ అబ్బాయిని అడిగితే రెండు నిమిషాల్లో రాసిస్తాడు. ఒకటి పర్సులో, ఒకటి హెల్మెట్ లోపల. ఒక్కడిగా వెళ్ళేవాడు స్పృహలో లేకపోతే మాట్లాడేది ఆ చీటీయే.

బుధవారం బయల్దేరండి

ఎందుకు బుధవారం అంటే, రెండో రోజు గురువారం పడాలి, ఒనకఢిల్లీ సంత గురువారం.

మొదటి రోజు విజయనగరం, సాలూరు, ఘాట్, పొట్టంగి, సిమిలిగుడ, సునాబెడ, కోరాపుట్. సాలూరులో లారీలు ఎన్నుంటాయో చూస్తేనే తెలుస్తుంది ఘాట్ మీద ఏం ఎదురవుతుందో. ఎక్కేటప్పుడు లారీ వెనక ఓపిగ్గా ఉండండి, మలుపులో ఓవర్‌టేక్ వద్దు, ప్రతి మలుపుకీ హారన్. దిగేటప్పుడు న్యూట్రల్ చెయ్యొద్దు, ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగాలి, ఇది మా నాన్న చెప్పిన మాట, ఇంతవరకు తప్పలేదు. దారిలో టైముంటే సిమిలిగుడ వైపు నుంచి దేవ్‌మాలి ఎక్కొచ్చు, ఒడిశాలో ఎత్తైన కొండ, 1672 మీటర్లు, పైదాకా బండి వెళ్తుంది. వీకెండ్ అయితే జనం, చిప్స్ ప్యాకెట్లు, నేనైతే మానేస్తా.

కోరాపుట్‌లో పడుకోండి. సాయంత్రం జగన్నాథుడి గుడికి వెళ్ళండి, శబర శ్రీక్షేత్రం అంటారు, పక్కనే గిరిజన మ్యూజియం, అది చూస్తే రేపు సంతలో ఎవరు ఎవరో కొంచెం తెలుస్తుంది. రాత్రి భోజనంలో కాలాజీరా బియ్యం ఎక్కడైనా పెడతారేమో అడగండి, నల్లగా జీలకర్రలా సన్నటి వడ్లు, వండితే వీధంతా వాసన, 2024లో జీఐ ట్యాగ్ కూడా వచ్చింది. కాఫీ కూడా ఇక్కడిదే తాగండి.

పొద్దున్న ఎనిమిదికి ముందు బండి తియ్యొద్దు. నవంబర్ నుంచి జనవరి దాకా మంచు ఎంత దట్టంగా ఉంటుందంటే ఎదురుగా వచ్చే లారీ లైటు కనబడేసరికి లారీ వచ్చేసినట్టే.

గురువారం: డుడుమ, సంత

లమ్తాపుట్ మీదుగా మాచ్‌ఖండ్ వైపు. ఇక్కడ నుంచి రోడ్డు బాగుంటుంది, మనుషులు తక్కువ. డుడుమ దగ్గర నది ఒక్కసారిగా 175 మీటర్ల దాకా పడిపోతుంది. వ్యూ పాయింట్ రెయిలింగ్ దాటి సెల్ఫీకి వెళ్ళొద్దు, ఒంటరిగా వచ్చినోడికి ఫొటో తీసేవాడు ఉండడు కదా అని చెయ్యి చాపి వెనక్కి వెనక్కి నడుస్తారు, అక్కడే ప్రమాదం. కరెంటు కోసం నీళ్ళు పైనే మళ్ళించేస్తారు కాబట్టి ఎండాకాలంలో వస్తే ఇదేనా అనిపిస్తుంది. మాచ్‌ఖండ్ పవర్ ప్రాజెక్టు ఆంధ్రా, ఒడిశా కలిసి నడిపేది, 1955 నుంచి కరెంటు ఇస్తోంది, మా తాత జైపూర్లో మొదటి బల్బు కథలు చెప్పేవాడు. డ్యామ్, పవర్‌హౌస్ దగ్గర ఫొటోలు తియ్యకండి, సెక్యూరిటీ వాళ్ళు ఫోన్ తీసుకుంటే సాయంత్రం దాకా అక్కడే.

ఒనకఢిల్లీ సంతకి పొద్దున్న పదికల్లా చేరుకోండి. బోండా గిరిజనులు కొండ దిగి వస్తారు, గదబ, పరజ తెగల వాళ్ళూ వస్తారు. అల్లం, పసుపు, చీపుళ్ళు, కోళ్ళు, ఎండు చేపలు. ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. బోండా ఆడవాళ్ళ మెళ్ళో పూసలు చూసి ఫోన్ ఎత్తడం, డబ్బులిచ్చి నిలబెట్టడం, ఇవి చెయ్యకండి. వాళ్ళు సరుకు అమ్ముకోవడానికి వచ్చారు, ఎగ్జిబిషన్‌కి కాదు. ముదులిపడ వైపు కొండెక్కి బోండా ఊళ్ళల్లోకి చూడ్డానికి వెళ్దామనే ఆలోచన కూడా వద్దు. ఫోన్ జేబులో పెట్టి ఒక చీపురు కొనండి, బండికి కట్టుకోండి, అదే మంచి జ్ఞాపకం. చీపురు కట్టుకుని తిరిగే బైకర్ని చూసి చెక్‌పోస్ట్ వాళ్ళు నవ్వుతారు, నవ్వితే పని తొందరగా అవుతుంది, ఇది నా అనుభవం.

ఆ సాయంత్రానికి జైపూర్ వచ్చేయండి. డిసెంబర్లో ఐదున్నరకల్లా చీకటి పడిపోతుంది, కాబట్టి మూడింటికి లేవాలి అక్కడ్నుంచి. మొత్తం ట్రిప్పుకి ఇదే లెక్క: ఎన్ని కిలోమీటర్లు అని కాదు, చీకటికి ఎన్ని గంటలుంది అని చూసుకోవాలి. రాత్రి పూట రోడ్డు మీద పడుకున్న ఆవులు, లైటు లేని ట్రాక్టర్లు, సంత నుంచి తాగి నడిచొచ్చే జనం. ఇప్పసారా, జీలుగు కల్లు ఎవరైనా ఆప్యాయంగా ఇస్తారు, బండి లాడ్జిలో పెట్టేశాక అయితే మీ ఇష్టం.

గుప్తేశ్వర్

జైపూర్ నుంచి బోయిపరిగుడ మీదుగా సుమారు 60 కిలోమీటర్లు. గుహలో శివుడు, కింద కొలాబ్. గుడికి ఎక్కే మెట్లకి రెండు పక్కలా సంపెంగ చెట్లు. కార్తీకంలో, శివరాత్రికి విజయనగరం శ్రీకాకుళం నుంచి బస్సులు కట్టుకుని వస్తారు, ఆ రోజులు తప్పించి వస్తే గుహలో మీరూ పూజారీ గబ్బిలాలే. ఆ చుట్టూ అడవిని 2024లో బయోడైవర్సిటీ హెరిటేజ్ సైట్‌గా ప్రకటించారు. గుడి చూసి వెంటనే వెనక్కి రావద్దు, నది ఒడ్డున రాళ్ళ మీద ఒక గంట కూర్చోండి, అవతల గట్టు ఛత్తీస్‌గఢ్. ఈతకి దిగొద్దు, పైకి నెమ్మదిగా కనిపిస్తుంది గానీ రాళ్ళ మధ్య లోతు తెలీదు, ఒక్కళ్ళే ఉన్నప్పుడు మోకాలు దాటి నీళ్ళల్లోకి వెళ్ళొద్దు.

మా పిన్ని కూతురు స్కూటీ మీద ఒక్కతే వెళ్ళొచ్చింది, ఆడపిల్లలు అడుగుతుంటారు కాబట్టి చెప్తున్నా. పొద్దున్నే వెళ్ళి రెండింటికల్లా తిరుగు ముఖం పట్టింది, దారిలో ఆగాలంటే ఆడవాళ్ళు నడిపే కొట్టు దగ్గరే ఆగింది, "మావుసీ" అని పిలిస్తే చాలు కూర్చోబెట్టి చూసుకుంటారంట. లాడ్జి మాత్రం జైపూర్లో, మల్కన్‌గిరిలో మెయిన్ రోడ్ మీదే తీసుకోండి.

మల్కన్‌గిరికి దిగడం

ఎన్‌హెచ్ 326. జైపూర్ నుంచి నూరు కిలోమీటర్లు దాటుతుంది, గోవిందపల్లి ఘాట్ ఉంది, నాలుగు గంటలు వేసుకోండి. బోయిపరిగుడ పక్క తెంతులిగుమ్మ ఊరివాడే లక్ష్మణ్ నాయక్, 1942లో మత్తిలి పోలీస్ స్టేషన్ దగ్గర కాల్పులు జరిగాక ఆయన మీద హత్య కేసు పెట్టి, 1943 మార్చి 29న బరంపురం జైల్లో ఉరితీశారు. మనకి అల్లూరి ఎలాగో ఇక్కడ ఈయన అలాగ, టీ కొట్లో ఆ పేరు ఎత్తితే చాలు, పక్కన కూర్చున్న ముసలాయన మాట కలుపుతాడు.

గోవిందపల్లిలో టీకి ఆగి అక్కడ చెప్పండి, మల్కన్‌గిరి వెళ్తున్నా అని. నాకు అలవాటైన కొట్టావిడ మూడు దాటాక ఎవరైనా ఒంటరిగా ఘాట్ దిగుతుంటే తిట్టి ఆపేస్తుంది, బస్సు వచ్చాక దాని వెనక పొమ్మంటుంది. వినండి. ఒడియా రాకపోయినా మూడు మాటలు చాలు: "ఏ బాటొ కుఆడే జాఉచి" అంటే ఈ దారి ఎటు పోతుంది, "పాణి" నీళ్ళు, "కేతే" ఎంత. బాట అంటే బాటే, మన మాటే.

ఇప్పుడు చెక్‌పోస్టులు. ఈ జిల్లాల్లో గంజాయి రవాణా పెద్ద తలనొప్పి, అందుకని బండి ఆపి బ్యాగ్ విప్పమంటారు, ఒంటరిగా పక్క రాష్ట్రం నంబరుతో వచ్చినోడిని ఇంకా ఎక్కువ ఆపుతారు. కోపం తెచ్చుకోకండి, హెల్మెట్ తీసి, ఇంజన్ ఆపి, ఎక్కణ్ణుంచి ఎక్కడికో చెప్పండి. ఎవరి బ్యాగూ ముట్టుకోవద్దు. "భాయ్, ఈ సంచి జైపూర్లో మా బావ తీసుకుంటాడు" అని ఎంత బుద్ధిమంతుడు అడిగినా, ఎంత చిన్న సంచి అయినా కుదరదని చెప్పండి. సంచి ఉన్న మనిషికి లిఫ్ట్ కూడా ఇవ్వొద్దు. మూటాముల్లె లేని ముసలమ్మ సంతకి వెళ్తుంటే ఎక్కించుకోండి, పుణ్యం. రాత్రి లాడ్జి బయట బండి పెడితే పొద్దున్న సీటు కింద, బ్యాగుల్లో ఒకసారి చెయ్యిపెట్టి చూసుకుని అప్పుడు తియ్యండి.

మల్కన్‌గిరి టౌన్‌కి ఇంకా రైలు లేదు. చుట్టూ ఊళ్ళకి పేర్లుండవు, ఎంవీ అని ఒక నంబర్. 1958 తర్వాత దండకారణ్యం ప్రాజెక్టు కింద తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ శరణార్థులకి అడవి కొట్టి కట్టిచ్చిన ఊళ్ళు అవి, మల్కన్‌గిరి విలేజ్ అని నంబర్లేసేశారు, అదే పేరైపోయింది. ఆ ఊళ్ళ సెంటర్లో మధ్యాహ్నం చేపల పులుసు అన్నం తినండి, ఆవనూనె వాసన మీకు పడితే. పడకపోతే రసగుల్లా తినండి, అది ఎవరికైనా పడుతుంది.

బలిమెల, చిత్రకొండ

మల్కన్‌గిరిలో రెండు రాత్రులుండి మధ్యలో రోజంతా దీనికి పెట్టండి, నా మట్టుకు మొత్తం ట్రిప్పులో ఇదే గొప్ప భాగం. చిత్రకొండ దగ్గర డ్యామ్ కట్టాక వెనక 151 ఊళ్ళు మూడు వైపులా నీళ్ళ మధ్య చిక్కుకుపోయాయి. కట్ ఆఫ్ ఏరియా అనేవాళ్ళు, ఇప్పుడు స్వాభిమాన్ అంచల్ అంటున్నారు. వంతెన వచ్చేదాకా లాంచీ తప్ప దారి లేదు, జ్వరం వచ్చినా పురుడొచ్చినా లాంచీకోసం చూడాల్సి వచ్చేది. 2008లో మావోయిస్టుల మీదికి వెళ్ళే ఆంధ్రా పోలీసులు, గ్రేహౌండ్స్ వాళ్ళ లాంచీ మీద దాడి జరిగిన రిజర్వాయర్ ఇదే, 2011లో మల్కన్‌గిరి కలెక్టర్‌గా ఉన్న వినీల్ కృష్ణని మావోయిస్టులు ఎత్తుకెళ్ళిందీ ఇటే, మన తెలుగాయనే, అప్పుడు టీవీల్లో అందరం చూశాం. 2018 జులైలో జాన్‌బాయి దగ్గర 910 మీటర్ల గురుప్రియ వంతెన తెరిచారు. ఆ వంతెన మీద బండి ఆపకుండా నెమ్మదిగా దాటండి, రెండు వైపులా నీళ్ళు, నీళ్ళల్లో మునిగిన కొండల తలలు ద్వీపాల్లా.

వంతెన దాటాక లోపలికి ఎంత దూరం వెళ్ళాలి అనేది అక్కడి భద్రతా దళాల క్యాంపు వాళ్ళని అడిగి వెళ్ళండి, వాళ్ళు వద్దంటే వాదించొద్దు. ఆ వైపు ఫోన్ పని చేస్తుందని నమ్ముకోవద్దు. చిత్రకొండలో తిన్న హోటల్లో చెప్పి వెళ్ళండి, నాలుగింటికి తిరిగొచ్చి టీ ఇక్కడే తాగుతా అని. తిరిగొచ్చాక నిజంగానే ఆగి తాగండి. చెప్పి రాకపోతే ఆ మనిషి ఇంకోసారి ఎవరి మాటా పట్టించుకోడు.

మోటు

ఆఖరి రోజు మల్కన్‌గిరి నుంచి కలిమెల, అక్కడ్నుంచి మోటు. కలిమెల దాటేసరికి మీ ప్రాణం లేచొస్తుంది, కోయవాళ్ళు తెలుగు మాట్లాడతారు, గోడల మీద తెలుగు అక్షరాలు కనిపిస్తాయి, కూరల్లో కారం మన కారమే. రోడ్డుకి అటూ ఇటూ తాటిచెట్లు.

మోటులో నది దగ్గరికి ఎవరినైనా అడిగి వెళ్ళండి. చలికాలంలో నీళ్ళు తగ్గి ఇసుక తేలుతుంది. చూడ్డానికి జలపాతంలా ఏమీ ఉండదు, ముందే చెప్తున్నా. ఒక నీళ్ళు కాస్త పచ్చగా, ఒకటి కాస్త మట్టిగా, కొంచెం దూరం పక్కపక్కనే పోయి కలిసిపోతాయి. కానీ మీరు పైనుంచి దిగొచ్చారు కదా, ఆ పచ్చ నీళ్ళు డుడుమలో దూకినవి, ఆ మట్టి నీళ్ళు గుప్తేశ్వర్ మెట్ల కింద నుంచి వచ్చినవి అని మీకు తెలుసు. కార్లో నేరుగా చింతూరు నుంచి వచ్చి చూసి "ఇంతేనా" అని వెళ్ళినోళ్ళని చాలామందిని చూశా.

మోటు నుంచి చింతూరు వెళ్ళిపోతే అక్కడ ఎన్‌హెచ్ 30, భద్రాచలం వైపు ఎడమకో కుడికో అడిగి తిరగండి. వైజాగ్ వాళ్ళయితే మారేడుమిల్లి ఘాట్ మీదుగా రాజమండ్రి దిగొచ్చు, అది కూడా పగలే. చింతూరులో టీ తాగేటప్పుడు మల్కన్‌గిరి లాడ్జికి ఒక ఫోన్ కొట్టి క్షేమంగా దిగాను అని చెప్పండి.

దోమల సంగతి మర్చిపోయా, అసలు అది ముందే చెప్పాలి. కోరాపుట్, మల్కన్‌గిరి మలేరియా జిల్లాలు, అదీ ఫాల్సిపారం, తలకెక్కే రకం. ముందుకంటే బాగా తగ్గింది గానీ పోలేదు. సాయంత్రం ఐదు తర్వాత ఫుల్ చేతులు, ప్యాంటు, ఒడోమాస్, లాడ్జిలో దోమతెర అడిగి కట్టించుకోండి. దోమ కుట్టిన వెంటనే జ్వరం రాదు, వారం, రెండు వారాలు, ఒక్కోసారి నెల కూడా పడుతుంది, అప్పటికి మీరు ఇంట్లో ఏసీలో ఉంటారు. అందుకని తిరిగొచ్చాక నెల రోజుల్లో చలి జ్వరం వస్తే వైరల్‌లే అని పారాసెటమాల్ వేసుకుని పడుకోవద్దు, అదే రోజు రక్తపరీక్ష చేయించుకోండి, డాక్టరు అడక్కపోయినా మల్కన్‌గిరి వెళ్ళొచ్చానండీ అని మీరే చెప్పండి. ఇక్కడుండగానే వస్తే ఆశా కార్యకర్త ఎక్కడుంటుందో అడగండి, ప్రతి ఊళ్ళోనూ ఉంటుంది, వేలు మీద గుచ్చి అక్కడికక్కడే చూసి చెప్పేస్తుంది, డబ్బులు తీసుకోదు.